ఉచిత ప్రయాణము: వెల ఎవరు చెల్లించిరి?

చదువవలసిన భాగములు: రెండవ రాజులు 5వ అధ్యాయము, రెండవ కొరింథీయులకు 8వ అధ్యాయము



మన కర్నూలు, కడప సీమలలో ప్రయాణము వినోదము కొరకు చేయునది కాదు, బ్రతుకుతెరువు కొరకు చేయునది. వాన మొగము చాటువేసిన యేట ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కుటుంబములు చంటిపిల్లలను చంకనెత్తుకొని, వంటపాత్రలు మూటగట్టుకొని సుగ్గికి బయలుదేరును. కొందరు గుంటూరు మిరపచేలకు, కొందరు బెంగుళూరు కట్టడపు పనులకు పోవుదురు. కడప సీమనుండి ఎందరో అక్కచెల్లెండ్రు కువైట్‌నకు పోయి పరుల యిండ్లలో పనిచేసి తమ పిల్లలను చదివించుకొనుచున్నారు. పెద్ద జబ్బు వచ్చినచో వేలూరు ఆసుపత్రికి పోవుదుము. ఇట్టి మనకు ఛార్జీ డబ్బులనగా ఒకనాటి కూలి, రెండునాళ్ల కూలి. కాబట్టి ఎవరైనను "నేను ఊరకనే పోయివచ్చితిని" అని చెప్పినయెడల మనము చెవియొగ్గి విందుము. వినుటలో తప్పు లేదు. అయితే విన్న తరువాత ఒక ప్రశ్న అడుగవలసియున్నది: ఆ ప్రయాణమునకు వెల ఎవరు చెల్లించిరి?

పాయింట్లనగా ఏమి?

మన సంఘములలోని పిల్లలు అనేకులు నేడు బెంగుళూరులోను హైదరాబాదులోను ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో కొందరి చేతిలో క్రెడిట్ కార్డు ఉన్నది. క్రిస్మసు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, "అమ్మా, ఈసారి రైలు టికెట్టు పాయింట్లతోనే వచ్చినది, చేతి డబ్బు పెట్టలేదు" అని చెప్పుదురు. తల్లికి సంతోషమే గాని ఆ పాయింట్లేమో ఆమెకు తెలియదు. గనుక ముందుగా దానిని విప్పి చెప్పుకొందము.

కార్డుగలవాడు అంగడిలో సరుకు కొని కార్డు గీయించినప్పుడు బ్యాంకు అతని పక్షముగా అంగడివానికి సొమ్ము చెల్లించును. అతడు ఆ సొమ్మును కొన్ని వారముల తరువాత, గడువు తేదీలోగా, బ్యాంకునకు కట్టవలెను. అతడు ఖర్చు చేసిన ప్రతి నూరు రూపాయలకు ఇన్ని పాయింట్లని బ్యాంకు అతని లెక్కలో వ్రాయును. పాయింట్లు కూడిన తరువాత వాటిని రైలు టికెట్టునకో విమానపు టికెట్టునకో మార్చుకొనవచ్చును. రైలు టికెట్లు అమ్ము ఐ.ఆర్.సి.టి.సి. వారు స్టేట్ బ్యాంకు కార్డు సంస్థతో కలిసి ఇచ్చు కార్డులో పాయింటునకు ఒక రూపాయి చొప్పున టికెట్టు కొనవచ్చును.

ఈ పద్ధతి విమానములతో పెద్దదాయెను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను సంస్థ 1981 మే 1న దీనిని పెద్ద యెత్తున ప్రారంభించెను. మాటిమాటికి తమ విమానమెక్కు ప్రయాణికుడు మరియొకరి విమానమునకు పోకుండునట్లు, అతడు పోయిన మైళ్లను లెక్కగట్టి, కొన్ని వేల మైళ్లు పూర్తియైన పిమ్మట ఒక ప్రయాణము ఉచితముగా ఇచ్చుచుండిరి. తరువాత బ్యాంకులు ఆ మైళ్లను విమాన సంస్థలయొద్ద కొని తమ కార్డుదారులకు ఇయ్యసాగెను. అంతట విమానమెక్కనివాడు కూడ ఇంటికి బియ్యము కొని మైళ్లు కూర్చుకొను కాలము వచ్చెను. మన ఓర్వకల్లులో 2021 మార్చి నుండి విమానములు దిగుట మనము చూచితిమి. కనుక ఈ సంగతి మనకు దూరపు సంగతి కాదు.

ఇది పాపమా?

కొందరు పెద్దలు ఇట్లు అడుగుదురు. తన కష్టార్జితముతో తనకు కావలసిన సరుకు కొని, గడువులోగా అప్పు తీర్చి, సంస్థవారు బహిరంగముగా ఇచ్చెదమన్నదానిని పుచ్చుకొనుట పాపమని చెప్పుటకు ఆధారము కనబడదు.

1999లో అమెరికాలో జరిగిన సంగతి ఒకటి వినుడి. ఒక ఆహార సంస్థవారు తమ పదార్థముల మీది గుర్తుచీటీలను పంపినవారికి విమానపు మైళ్లు ఇచ్చెదమని ప్రకటించిరి. కాలిఫోర్నియాలో ఒక ఇంజనీరు ఆ ప్రకటనను శ్రద్ధగా చదివెను. ఆ సంస్థ సరుకులన్నిటిలో చవకైనది పుడ్డింగు అను పాయసమువంటి పదార్థపు చిన్న గిన్నెయనియు, దాని వెల పావు డాలరు మాత్రమేయనియు కనిపెట్టి, ఊరూర తిరిగి సుమారు 12,150 గిన్నెలు కొనెను. ఖర్చు సుమారు 3,140 డాలర్లు. వచ్చినవి సుమారు 12 లక్షల 50 వేల మైళ్లు. అన్ని చీటీలు ఊడదీయుట తన యింటివారి వలన కాకపోగా, అతడు పుడ్డింగును రక్షణ సైన్యమువారికి దానమిచ్చి వారి సేవకులచేత చీటీలు తీయించుకొనెను. బీదలు తినిరి, అతడు ప్రయాణము చేసెను. సంస్థవారు తామన్న మాట చెల్లించిరి.

ఇందులో మూడు సంగతులు గమనింపదగినవి. సొమ్ము అతనిది. ఇచ్చువారు బాహాటముగా ఇచ్చిరి. అతడు ఎవరియొద్దను దేనిని దాచలేదు. ఈ మూడును ఉన్నచోట మనస్సాక్షి నిద్రపోవచ్చును. వీటిలో ఒకటి తప్పినప్పుడే ప్రశ్న పుట్టును.

సొమ్ము మనది కానప్పుడు

ఒక సంఘమును తలంచుకొందము. గుడి పైకప్పు కురియుచున్నది. రేకులు, ఇనుము, సిమెంటు కలిపి రెండు లక్షల రూపాయలగును. వితంతువు ఇచ్చిన పది రూపాయలు, బుడ్డల పంట చేతికి వచ్చినవారి కానుక, కువైట్‌నుండి ఒక సహోదరి పంపిన సొమ్ము, అన్నియు చేరి పెట్టె నిండినది. కోశాధికారి యోగ్యుడు. అతడు ఆ సొమ్మును తన ఖాతాలో వేసికొని, కర్నూలు అంగడిలో తన కార్డు గీయించి సరుకంతయు తెచ్చెను. రశీదులున్నవి. లెక్క పైసాతో సహా సరిపోయినది. అయితే అతని కార్డులో పాయింట్లు చేరెను. నూరు రూపాయలకు ఒక పాయింటు, పాయింటునకు ఒక రూపాయి అనుకొన్నయెడల అవి రెండువేల రూపాయలు. వేసవిలో అతడు భార్యతో కూడ ఆ పాయింట్ల మీద చెన్నపట్టణము పోయివచ్చెను. సంఘపు పెద్ద ఒకడు ఇది విని అడిగెననుకొందము:

"ఏమప్పా, ఆ టికెట్టు ఎవరిది?"

"నాదే గదన్నా. కార్డు నాది, పేరు నాది, గడువులోగా బిల్లు కట్టినది నేను. సంఘము సొమ్ము పైసా ముట్టలేదే!"

ఈ మాటకు మనము ఏమి జవాబు చెప్పుదుము? అతడు దొంగ కాడు. అతడు చెప్పిన ప్రతిమాటయు నిజము. అయినను ఆ పెద్ద మనస్సులో ముల్లువలె ఏదో గ్రుచ్చుకొనుచున్నది.

ఈ చిక్కు మన పల్లెలలోనే పుట్టినది కాదు. రాజ్యములు కూడ దీనిని విచారించి చూచినవి గాని అన్నియు ఒక్క తీర్పునకు రాలేదు. మన కేంద్ర ప్రభుత్వ ఆర్థిక శాఖ, ఏడవ వేతన సంఘము తరువాత 2017 జూలైలో ఇచ్చిన ప్రయాణ భత్యపు ఉత్తర్వులో దీనిని స్పష్టముగా వ్రాసినది. ప్రభుత్వపు పనిమీద చేసిన విమాన ప్రయాణమువలన వచ్చు మైళ్ల పాయింట్లను ఆ శాఖలోని అధికారుల ప్రభుత్వ ప్రయాణములకే వాడవలెననియు, సొంత ప్రయాణమునకు వాడుకొనిన అధికారి మీద శాఖాపరమైన చర్య తీసికొందురనియు అందు ఉన్నది. ప్రభుత్వపు సొమ్ముతో చేసిన ప్రయాణపు లాభము ప్రభుత్వమునకే చెందవలెనని దాని న్యాయము. అమెరికా దేశమువారు మొదట ఇట్లే తలంచిరి గాని, 2001 డిసెంబరులో ఒక చట్టముచేసి, తమ కేంద్ర ఉద్యోగులు అట్టి మైళ్లను తామే ఉంచుకొనవచ్చునని అనుమతించిరి. జర్మనీలో 2002 వేసవిలో కొందరు పార్లమెంటు సభ్యులు అధికార ప్రయాణముల మైళ్లతో సొంత ప్రయాణములు చేసిరని బయటపడగా పెద్ద అలజడి రేగెను. పార్లమెంటు సభ్యుడుగా నుండి పిమ్మట బెర్లిన్ ప్రభుత్వములో మంత్రియైన గ్రెగోర్ గీసీ ఆ కారణముగా 2002 జూలైలో మంత్రి పదవిని విడిచిపెట్టెను.

ఒక దేశము వద్దన్నది, ఒక దేశము సరేయన్నది. కాబట్టి ఇది నరహత్యవలె, వ్యభిచారమువలె ఎల్లవేళల ఒక్కరీతిగానుండు సంగతి కాదు. ధర్మకర్తలు తెలిసి అనుమతించినయెడల ఒక విధము, తెలియకుండ జరిగినయెడల మరియొక విధము. ఈ భేదము మరువరాదు.

గేహజీ చేసిన ప్రయాణము

రాజుల గ్రంథములో నయమాను కథ మనమెరిగినదే. సిరియా సైన్యాధిపతియైన నయమాను కుష్ఠము పోయి శుద్ధుడై తిరిగివచ్చి కానుక ఇయ్యబోగా ఎలీషా పుచ్చుకొనలేదు. అతని సేవకుడైన గేహజీ ఆ రథము వెంట పరుగెత్తి, యజమానుని పేర అడిగి, వెండియు వస్త్రములును తెచ్చి యింట దాచుకొనెను.

ఇప్పుడు ఆలోచించుడి, ఇందువలన నష్టపోయినవాడెవడు? నయమాను సంతోషముతో ఇచ్చెను, అడిగినదానికంటె ఎక్కువే పుచ్చుకొమ్మని బలవంతపెట్టెను. ఎలీషాకు ఆ వెండి అక్కరలేదు. లెక్క చూచినచో ఎవరి సంచియు తరుగలేదు. అయినను ఆ కుష్ఠము గేహజీని అంటెను. ఎందుచేతననగా, దేవుడు వెల లేకుండ చేసిన కార్యమునకు అతడు వెల పెట్టెను. తనది కాని పేరును తన లాభమునకు వాడుకొనెను. ఎక్కడనుండి వచ్చితివని యజమానుడు అడిగినప్పుడు తానెక్కడికిని పోలేదని చెప్పెను. పోయివచ్చిన ప్రయాణమును దాచవలసివచ్చెననగా, ఆ ప్రయాణము మంచిది కాదని అతని హృదయమే ముందు తీర్పు చెప్పినదన్నమాట.

మన కోశాధికారిని గేహజీయని చెప్పుట లేదు. అతడు అబద్ధమాడలేదు. ఎవరును అడుగలేదు గనుక అతడు చెప్పలేదు. అయితే చెడుగు పెద్ద తలుపున ప్రవేశించుట అరుదు. "వారు అడుగలేదు, నేను చెప్పలేదు" అను చిన్న సందు దానికి చాలును. నేడు రెండువేల రూపాయల పాయింట్లు ఆ సందున వచ్చెను. రేపు ఆ మనుష్యుడే, పాయింట్లు ఎక్కువ వచ్చు అంగడిలోనే సంఘపు సరుకు కొనవలెనని తలంచును. అప్పుడు గుడి కప్పు అతని ప్రయాణము కొరకా, అతని శ్రమ గుడి కప్పు కొరకా అన్నది అతనికే తెలియకపోవును.

నిజముగా ఎవరికిని నష్టము లేదా?

మరియొక సంగతి. "ఎవరికిని నష్టము లేదు" అను మాటను లెక్కవేసి చూడవలెను. క్రెడిట్ కార్డు గీయించినప్పుడు బ్యాంకులు అంగడివానియొద్ద నూటికి సుమారు రెండు రూపాయలు రుసుముగా తీసికొనుట కద్దు. అందుచేత సిమెంటు, ఇనుము అమ్ము కొన్ని అంగళ్లలో "కార్డైతే నూటికి రెండు ఎక్కువగును, రొక్కమైతే తగ్గించెదము" అని చెప్పుదురు. రెండు లక్షల సరుకు మీద అది నాలుగువేల రూపాయలు. అనగా కోశాధికారికి రెండువేల టికెట్టు దొరకుటకు సంఘము నాలుగువేలు పోగొట్టుకొనవచ్చును. రశీదులో ఇది కనబడదు. అడిగియుండినయెడల తగ్గియుండెడి సొమ్మును ఏ రశీదును చూపదు.

గడువు తప్పినచో మాట మరింత చేదు. క్రెడిట్ కార్డు బాకీమీద నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ సాధారణము. ఏటికి లెక్కించిన నూటికి 36 నుండి 42 వరకు పోవును. రెండు లక్షలు ఒక్క నెల నిలిచినయెడల మూడున్నర చొప్పున వడ్డీ ఏడువేలు. అప్పులవానికి భయపడి ఊరు విడిచిన కుటుంబములను మన సీమ చూచినది. ఆ వడ్డీకిని ఈ వడ్డీకిని పేరులోనే భేదము. ఈ వడ్డీ తెల్లకాగితము మీద అచ్చువేసి వచ్చును, అంతే.

కోశాధికారి పక్షమున కూడ న్యాయము చెప్పవలెను. అతడు ఎండలో కర్నూలు నాలుగుసార్లు తిరిగెను. పని చెడినయెడల బ్యాంకు సంఘమును అడుగదు, అతనినే అడుగును. శ్రమపడినవానికి ప్రతిఫలము దక్కుట ధర్మమే. అట్లయిన సంఘమే అతనికి బస్సు ఛార్జీయు భోజనపు ఖర్చును బహిరంగముగా ఇయ్యవలెను. అది ఇయ్యక, అతడు తన జేబునుండి పెట్టుకొనుచుండగా చూచి ఊరకుండి, పిమ్మట పాయింట్లు తిన్నాడని గుసగుసలాడు సంఘము కూడ నిర్దోషి కాదు.

పల్లెలో కార్డుగల యువకుని సంగతియు ఇట్టిదే. పొరుగువాడు మోటారు పంపు కొనవలెను. యువకుడు తన కార్డుమీద తీసి ఇచ్చి, పొరుగువానియొద్ద వాయిదాలు పుచ్చుకొనును. వాయిదా తప్పినయెడల దెబ్బ యువకునికే. కాబట్టి పాయింట్లు అతడు ఉంచుకొనుట న్యాయమే, పొరుగువానికి అది తెలిసియున్నచో. "మామా, దీనిమీద నాకు కొన్ని పాయింట్లు వచ్చును" అని ఒక్కమాట ముందు చెప్పినయెడల చాలును. అయితే మూడు గుర్రముల మోటారు చాలు పొలమునకు అయిదు గుర్రములది కొనిపించినయెడల, ఆ పొరుగువాని బావిలో నీటితోపాటు అతని నెమ్మదియు ఎండిపోవును.

ఎవరి సొమ్ముతో ఎవరి ప్రయాణము?

ఇంకను లోతునకు పోవుదము. సొంత సొమ్ముతోనే కొనినవాని పాయింట్లు ఎక్కడనుండి వచ్చుచున్నవి? బ్యాంకు వాటిని ఆకాశమునుండి తెచ్చి ఇయ్యదు. కొంత అంగడివాడు కట్టిన రుసుమునుండి, కొంత గడువు తప్పినవారు కట్టిన వడ్డీనుండి, కొంత కార్డుదారు కట్టు వార్షిక రుసుమునుండి వచ్చును. అంగడివాడు ఆ రుసుమును తన చేతినుండి పెట్టుకొనడు, సరుకు వెలలో కలుపును. ఆ వెలనే కార్డు లేని కూలివాడును చిల్లర లెక్కపెట్టి చెల్లించును. అమెరికాలో బోస్టను నగరపు ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు పండితులు 2010లో దీనిని లెక్కగట్టిరి. వారి లెక్క ప్రకారము, రొక్కమిచ్చి కొను ఒక్కొక్క కుటుంబము కార్డువారి నిమిత్తము ఏటికి సగటున 149 డాలర్లు పోగొట్టుకొనుచుండగా, కార్డుగల ఒక్కొక్క కుటుంబమునకు సగటున 1,133 డాలర్లు చేరుచుండెను. లేనివాని చేతినుండి ఉన్నవాని చేతికి, ఎవరును అడుగకుండ, ఎవరును ఇయ్యకుండ ఆ సొమ్ము పోవుచుండెను.

మన దేశములో సంగతి కొంత మేలు. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుమీదను, బ్యాంకు ఖాతానుండి చేయు యు.పి.ఐ. చెల్లింపుమీదను అంగడివానియొద్ద రుసుము లేకుండ చేసిరి. అయితే క్రెడిట్ కార్డు సంగతి వేరు, పాయింట్లు ఎక్కువగా పుట్టునది అందులోనే.

రైలునే చూడుడి. రైలు టికెట్ల కార్డులో విశేషముగా పాయింట్లు వచ్చునది ఏ.సి. తరగతుల టికెట్లకు. జనరల్ పెట్టెలో మూటమీద కూర్చుండి సుగ్గికి పోవు తల్లికి ఏ పాయింటును రాదు. అరువది యేండ్లు నిండిన పురుషులకు నూటికి 40, యేబది యెనిమిదేండ్లు నిండిన స్త్రీలకు నూటికి 50 చొప్పున తగ్గించుచుండిన రైలు రాయితీ 2020 మార్చి 20న నిలిపివేయబడెను. వృద్ధుడని తగ్గింపు పొందుట వేరు, ఎక్కువ ఖర్చు చేసితివని తగ్గింపు పొందుట వేరు. మొదటిది అవసరతను చూచును, రెండవది సంచిని చూచును. ఇందుచేత పాయింట్లు వాడువాడు పాపియని కాదు. అయితే "నా తెలివిచేత ఊరకనే పోయివచ్చితిని" అని అతడు అతిశయపడకూడదు. అతని టికెట్టులో తన ఊరి కూలిజనుల పైసలు కూడ కలిసియున్నవేమోనని తలంచి, కృతజ్ఞతతోను తగ్గింపుతోను కూర్చుండవలెను.

ఉచితమైనను టికెట్టు కొట్టుదురు

మన ఆంధ్ర రాష్ట్రములో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి అను పథకము ప్రారంభమైనది. ఆర్.టి.సి. వారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలు గుర్తింపు కార్డు చూపి ఛార్జీ లేకుండ పోవచ్చును. మన అక్కచెల్లెండ్రు ఒక సంగతి గమనించియుందురు. డబ్బు పుచ్చుకొనకపోయినను కండక్టరు టికెట్టు కొట్టి ఇచ్చును. ఆ టికెట్టుమీద ఛార్జీ సున్న అని ఉండును. డబ్బు లేనప్పుడు టికెట్టు ఎందుకు? ఎవరు ఎక్కిరి, ఎంత దూరము పోయిరి అని లెక్కయుండవలెను. ఆ లెక్క ప్రకారము ప్రభుత్వము ఆర్.టి.సి.కి సొమ్ము చెల్లింపవలెను. ఆ ప్రయాణమునకు వెల ఉన్నది, దానిని చెల్లించువారు ఉన్నారు, అది అందరు ఎరుగుదురు. ఆ పథకము మంచిదా కాదా యని రాజకీయులు వాదించుకొందురు గాక. ఈ ఒక్క సంగతి మనకు పాఠము: ఉచితమైనదానికి కూడ చీటీ ఉండవలెను.

పౌలు ఈ పాఠము ఎరిగియుండెను. యెరూషలేములోని బీదల నిమిత్తము సంఘములలో పోగుచేసిన చందాను తానొక్కడే మోసికొనిపోవుటకు అతడు ఒప్పుకొనలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొనెను. పౌలును ఎవరు అనుమానింతురు? అయినను, దేవుని యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుటను యోగ్యముగా నుండవలెనని అతడు జాగ్రత్తపడెను. నమ్మకమైనవాడే లెక్క చూపుటకు ముందు నిలుచును.

మనము చేయదగినది

కాబట్టి సంఘపు సరుకు కొనునప్పుడు మొదట రొక్కపు వెల అడుగుడి. కార్డు వెల ఎక్కువైనచో కార్డు జోలికి పోవద్దు. రెండును సమానమైనచో, ఎవరి కార్డు వాడవలెనో కమిటీలో చెప్పి, మినిట్సు పుస్తకములో వ్రాయించుడి. వచ్చిన పాయింట్లెన్నియో కానుకల లెక్క ప్రక్కన ఒక వరుసలో చూపుడి. వాటిని కార్డుగలవాడే ఉంచుకొనవలెనని సంఘము సమ్మతించినయెడల అతడు నిర్మలమైన మనస్సుతో ఉంచుకొనవచ్చును. అంతకంటె శ్రేష్ఠమైనది మరియొకటి కలదు. వేలూరు పోవలసిన రోగి ఒకరు ప్రతి సంఘములోను ఉందురు. ఆ పాయింట్లతో ఆ రోగికి, తోడుపోవువానికి టికెట్టు కొని ఇచ్చినయెడల, పైకప్పు కొరకు ఇచ్చిన వితంతువు కానుక రెండుసార్లు పనిచేసినదగును.

పాయింట్ల కొరకు కొనవద్దు. వేయి రూపాయల సరుకు అక్కర లేకుండ కొని పది రూపాయల పాయింట్లు పొందినవాడు తొమ్మిదివందల తొంబది రూపాయలు పోగొట్టుకొనెను. కూడబెట్టిన పాయింట్లను ఆస్తియని నమ్మవద్దు. కింగ్‌ఫిషర్ అను విమాన సంస్థ వేలమందిని కింగ్ క్లబ్ అను పేర మైళ్లు కూర్చుకొనుమని పిలిచినది. 2012 అక్టోబరులో దాని విమానములు నిలిచిపోయినవి. విమానమే లేనప్పుడు ఆ మైళ్లకు ఎక్కుటకు మెట్టు ఎక్కడిది? చిమ్మెట కొట్టునది బట్టలను మాత్రమే కాదు.

తుదకు, వెల చెల్లించినంత మాత్రమున ప్రయాణము మంచిదగునని తలంచవద్దు. యోనా యొప్పేలో ఓడ కేవు తన చేతినుండి ఇచ్చెను, ఎవరికిని బాకీపడలేదు. అయినను అతడు పోవుచున్నది పోకూడని దిక్కునకే. మన ప్రభువు యెరూషలేములో ప్రవేశించినప్పుడు ఎక్కిన గాడిదపిల్ల ఎరవు తెచ్చినదే. అయితే దానిని విప్పునప్పుడు అడిగినవారికి సంగతి చెప్పిరి, మరల పంపెదమనియు చెప్పిరి. అడిగి తెచ్చుకొని, చెప్పి ఎక్కి, మరల అప్పగించిన ప్రయాణములో సిగ్గుపడవలసినదేమియు లేదు.

మన చేతికి వచ్చిన ప్రతి టికెట్టునకు, ఛార్జీ సున్నయైనను, వెల ఎవరు చెల్లించిరో ఎరిగి, వారికి తెలియజేసి, వారియెడల కృతజ్ఞులమై నడచుకొనుటకు దేవుడు మనకందరికిని కృప ననుగ్రహించును గాక.